కోడి పక్షాన వకాల్తా

కోడి కేసంటే బార్ అసోసియేషన్ గదిలో ముందు నవ్వు వినబడుతుంది, తర్వాత టీ వస్తుంది. టీ అయ్యాక ఎవరో ఒకరు "చచ్చిందాన్ని కూరొండుకుంటే పోయేది కదమ్మా, కోర్టుదాకా ఎందుకూ" అంటారు. గోదావరి డెల్టాలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ప్రాక్టీసు నాది. గట్టు తగాదాలు, ప్రోనోట్లు, చెక్ బౌన్సులు, మనోవర్తి కేసుల మధ్య అడపాదడపా కోళ్లు కూడా వస్తుంటాయి. వాటిని పట్టుకొచ్చేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే. మగ వకీళ్ల దగ్గరికి వెళితే నవ్వుతారని నా దగ్గరికి వస్తారు. నేనూ మొదట్లో లోపల నవ్వుకున్నదాన్నే కానీ, వాళ్ల లెక్కలు విన్నాక నవ్వు రావడం మానేసింది.

పొలం మగవాడి పేర ఉంటుంది. పాడిగేదె ఇంటి ఉమ్మడిది. పెరట్లో కోడి మాత్రం అచ్చంగా ఆవిడది. గుడ్లమ్మిన డబ్బు చీటీకో, పిల్లాడి ట్యూషనుకో, పుట్టింటికి వెళ్లే బస్సు చార్జీకో పోతుంది, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. కొందరు డ్వాక్రా అప్పుతో హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తెచ్చుకుని పెంచుతారు. ఒక్క రాత్రిలో పక్కింటి కుక్క గూడు తవ్వి పది పెట్టల్ని కొరికి పడేస్తే పోయింది కూర కాదు, ఆవిడ సొంతమని చెప్పుకునే ఏకైక ఆస్తి. అప్పు కిస్తీ మాత్రం ఆగదు.

ఆఫీసులో కూర్చోగానే వాళ్లడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆ కుక్కకి మందెట్టేస్తే ఏవవుద్దండి లాయరమ్మగారూ?"

ఏమవుతుందో చెబుతాను. భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఉంది. ఇంకొకరికి నష్టం కలిగించాలనో, కలుగుతుందని తెలిసో ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు ఇది ఐపీసీలో 428, 429 సెక్షన్లుగా ఉండేది. అందులో పది రూపాయల జంతువుకి ఒక శిక్ష, యాభై రూపాయల జంతువుకి ఇంకో శిక్ష. కొత్త చట్టంలో ఆ ధరల పట్టిక తీసేశారు. పైగా ఇది పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి అక్కర్లేకుండా నేరుగా ఎఫ్ఐఆర్ కట్టగలిగే నేరం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సరేసరి. మాంసంముక్కలో గుళికల మందు కలిపి దడి పక్కన పడేసినవాళ్లను చూశాను. కుక్కతో పాటు కాకులు చచ్చాయి, వీధిలో ఇంకో ఇంటి కుక్కా చచ్చింది, చివరికి ఆ ముక్కలు పొడిచిన సొంత కోళ్లూ చచ్చాయి. అప్పుడు కుక్క కళేబరానికి పోస్టుమార్టం, విసెరా ల్యాబుకి, పంచనామా, ముద్దాయి అరెస్టు. కోళ్లు చచ్చిన రోజున స్టేషన్లో ఒక్క కాగితం ముక్క పుట్టలేదు. కుక్క చచ్చిన రోజున ఫైలు తయారైంది.

ఇది విన్నాక తెలివైన మనిషి తప్పకుండా అడుగుతుంది. "మరి కోడి జంతువు కాదాండీ?"

జంతువే. మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువేనని సంహితలోనే రాసుంది. అదే 325 కోడికీ వర్తిస్తుంది. అయితే కోడిని చంపింది కుక్క, కుక్క ముద్దాయి కాలేదు. యజమాని ముద్దాయి కావాలంటే అతను కావాలని ఉసిగొల్పాడనో, కోళ్లు చస్తాయని తెలిసీ వదిలాడనో రుజువు కావాలి. మందు పెట్టిన మనిషికి ఉద్దేశం ఉన్నట్టు ఆ ముక్కే చెబుతుంది. రాత్రి గొలుసు విప్పి నిద్రపోయినవాడి ఉద్దేశం ఎక్కడ వెతకాలి? చట్టానికి కుక్కంటే ప్రేమా, కోడంటే ద్వేషమా అంటే అదేం కాదు. చంపిన చెయ్యి ఎవరిదన్న దగ్గర లెక్క మారిపోతోంది.

కళ్లముందే గూట్లో దూరి కోడిని పట్టుకుంటే కర్రతో కొట్టి తరమకూడదా అంటే తరమొచ్చు. పెద్ద నష్టాన్ని ఆపడానికి సదుద్దేశంతో చేసిన చిన్న నష్టం నేరం కాదని సంహిత 19వ సెక్షన్ చెబుతుంది. ఇంగ్లండులో గొర్రెల మీద పడిన కుక్కను కాల్చిన రైతు కేసు ఒకటుంది, క్రెస్‌వెల్ వర్సెస్ సర్ల్. అక్కడ కోర్టు చూసింది ఇదే: ఆ క్షణంలో నిజంగా ప్రమాదం ఉందా, అంతకంటే వేరే దారి ఉందా. తెల్లారాక వెతుక్కుంటూ వెళ్లి కొట్టి చంపితే అది రక్షణ కాదు, కక్ష. కుక్కను కొట్టి నా దగ్గరికి వచ్చే మగవాళ్లలో ఎక్కువమంది రెండోది చేసి మొదటిది చేశామని చెబుతారు.

ఇక పాతకాలపు పెద్దలు బందెలదొడ్డి మాట ఎత్తుతారు. పశువుల దౌర్జన్య ప్రవేశానికి 1871 నుంచీ ఒక చట్టముంది. చేలో పడ్డ గేదెను తోలుకెళ్లి దొడ్లో కట్టేస్తే యజమాని జుల్మానా కట్టి విడిపించుకోవాలి. అందులో 'పశువు' అంటే ఏమిటో వరసగా ఉంటుంది: ఏనుగు, ఒంటె, గేదె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక. కుక్క లేదు. కుక్క చేను మేయదు కదా! తెల్లదొర ఆ జాబితా రాసినప్పుడు భూమిశిస్తు వచ్చే పైరు గురించే ఆలోచించి ఉంటాడని నా అనుమానం.

సివిల్ దారిలో నష్టపరిహారం దావా వేయొచ్చు. వస్తువుకి నష్టం కలిగించినందుకు వేసే దావాకి మూడేళ్ల గడువుంది. కానీ దీనికంటూ మనకు ప్రత్యేక చట్టం లేదు. ఇంగ్లీషు కోర్టుల సూత్రాలనే మన కోర్టులు న్యాయం, సమంజసం అని వాడుకుంటూ వస్తున్నాయి. లా కాలేజీలో అందరం చదివిన కేసు బకిల్ వర్సెస్ హోమ్స్, 1926 నాటిది. పక్కింటి పిల్లి వచ్చి పదమూడు పావురాల్ని, రెండు బాంటమ్ కోళ్లను చంపింది. యజమాని బాధ్యుడు కాడన్నారు. పిల్లి దాని స్వభావం కొద్దీ చేసింది, దానికి ప్రత్యేకమైన దుర్గుణం ఉన్నట్టు యజమానికి తెలియదు కాబట్టి. ఎదుటి వకీలు ఈ కేసు తెరిచినప్పుడల్లా నాకు చికాకు. ఎందుకంటే కుక్కల విషయంలో ఇంగ్లండు ఆ సూత్రాన్ని ఎప్పుడో వదిలేసుకుంది. 1971 జంతువుల చట్టంలో, కుక్క పశువుల్ని చంపితే యజమానికి తెలిసినా తెలియకపోయినా పరిహారం కట్టాల్సిందేనని రాసి, పశువుల్లో కోళ్లనూ చేర్చుకున్నారు. వాళ్లు వదిలేసిన పాతచొక్కా మనం ఇంకా తొడుక్కునే ఉన్నాం.

అయితే ఆ పాత సూత్రంలోనే నాకు పనికొచ్చే తలుపు ఒకటుంది. యజమానికి 'తెలిస్తే' బాధ్యత మొదలవుతుంది. కాబట్టి నా పనంతా అతనికి తెలిసేలా చేయడమే, తెలిసిందని కాగితం మీద పడేలా చేయడమే. మొదటి రాత్రి చచ్చిన కోళ్లకు డబ్బు రాబట్టడం కష్టం. రెండో రాత్రి వేరు. ఈ రెండు రాత్రుల మధ్య ఏం చేశారన్నదే కేసు.

నోటీసు రాయడానికి నేను తొందరపడను. ఒకే దడికి ఇటూ అటూ ఉన్న ఇళ్లు. వకీలు నోటీసు గడప తొక్కిందంటే పెళ్లి పిలుపులు ఆగిపోతాయి. అందుకని ముందు నోటితో చెప్పమంటాను, ఒక్కరే కాకుండా ఇద్దరు మనుషుల ఎదుట. "వదినా, రాత్రి మీ కుక్క మా గూడు తవ్వి నాలుగు పెట్టల్ని చంపింది, సాయంత్రం కట్టేయించమని అన్నయ్యగారికి చెప్పు" అంటే చాలు. తిట్టక్కర్లేదు. తిడితే సాక్షులకు తిట్లే గుర్తుంటాయి, కుక్క గుర్తుండదు. అదే రోజు ఫోనులో ఒక మెసేజీ కూడా పెట్టమంటాను. వాట్సాప్‌లో పడే ఆ రెండు నీలం టిక్కులు సాక్షి చెప్పినదానికి బలమిస్తాయి. అయినా మారకపోతే అప్పుడు నోటీసు: ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా రంగు కుక్క, ఇన్ని కోళ్లు, మీకు ముందే చెప్పాం, ఇకపై జరిగేదానికి మీదే బాధ్యత. చాలామంది అక్కడితో గొలుసు కొంటారు.

కొననివాళ్ల జవాబు ముందే తెలుసు. "ఆ కుక్క మాది కాదండి, ఏదో ఇంత అన్నం పడేస్తాం, అది మా అరుగు మీద పడుంటదంతే." పల్లెల్లో కుక్క యాజమాన్యం తేల్చడం భూమి సర్వే కంటే కష్టం. దానికి పట్టాదారు పాస్‌పుస్తకం లేదు. మెడలో బెల్టుందా, పేరు పెట్టి పిలిస్తే వస్తుందా, ఆ ఇంటివాళ్లతో చేలోకి వెళుతుందా అని సాక్షుల్ని అడగాలి. ఒకసారి నాకు దొరికిన మంచి రుజువు పశువుల ఆసుపత్రిలో ఉంది. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినానికి ఉచితంగా టీకాలేస్తారు. అక్కడ రిజిస్టర్లో కుక్క పక్కన మనిషి పేరు రాస్తారు. అన్నం పడేసేవాడు టీకా వేయించడానికి కుక్కను మోటారు సైకిలు మీద ఎక్కించుకెళ్లడు కదా అన్నాను. ఆ మనిషి తన వకీలు వైపు చూశాడు, వకీలు కిటికీ వైపు చూశాడు.

నిజంగానే ఎవరిదీ కాని వీధికుక్క అయితే నా దగ్గర మందు లేదని మొహమాటం లేకుండా చెబుతాను. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థ వాటికి ఆపరేషను చేయించి, టీకా వేయించి, పట్టుకున్న చోటే వదలాలి. పంచాయతీకి అర్జీ పెట్టండి, గూడు గట్టిగా కట్టుకోండి అంటాను. కుక్క తలుపు విరగ్గొట్టదు, కింద తవ్వుతుంది. గూటి చుట్టూ జానెడు లోతున తీగవల పాతితే వకీలు ఫీజు మిగులుతుంది.

రుజువుల సంగతి ఇంకొంచెం చెప్పాలి, కేసులు పోయేది ఇక్కడే. పొద్దున్నే ఏడుస్తూ కోళ్లన్నీ ఏరి కాలువలో పడేసి వస్తారు. కుక్కే చంపిందని ఎలా తెలుసు అని ఎదుటి వకీలు అడిగితే నోరు పెగలదు. కోళ్ల శత్రువులు చాలామంది. పిల్లల్ని గద్ద తన్నుకుపోతుంది. బావురుపిల్లి ఒక్కదాన్ని నోట కరచుకుని పోతుంది, ఈకలు తప్ప ఏం మిగలదు. ముంగిస మెడ దగ్గర పట్టుకుంటుంది. కుక్క పద్ధతి వేరు, దానికి ఆకలి కంటే ఆట ఎక్కువ. రెక్కలు కొట్టుకున్న ప్రతిదాన్నీ పట్టి విదిలించి, వీపు మీదో తొడ మీదో పళ్లు దింపి, వదిలేసి ఇంకోదాని వెంట పడుతుంది. అందుకే చచ్చినవి ఎక్కువుంటాయి, తిన్నది తక్కువుంటుంది. పశువైద్యుడు గాయాల మధ్య దూరం చూసి, చర్మం కింద కమిలిన రక్తం చూసి సర్టిఫికెట్ రాస్తాడు. కాబట్టి దేన్నీ కదపకుండా ఫోటోలు తీయండి, ఫోటోలో గూడూ దడీ కనబడాలి, రెండు కోళ్లను గోనెసంచిలో వేసుకుని ఎండెక్కకముందే ఆసుపత్రికి వెళ్లండి అని చెబుతాను.

దడి కనబడాలని ఊరికే అనలేదు. కోడి ఎక్కడ చచ్చిందన్నది ప్రాణప్రదమైన సంగతి. మన కోళ్లు మాత్రం ఇంటి హద్దులు చూసి తిరుగుతాయా? పక్కవాళ్ల తోటకూర మడిలో దూరి పాదులన్నీ గీరిపోస్తాయి. వాళ్ల పెరట్లో, వాళ్ల కుక్క పట్టుకుంటే నాకు కేసు లేదు. దౌర్జన్య ప్రవేశం కోడిదే అవుతుంది. ఇది చెప్పినప్పుడు కొందరు అక్కలు నన్ను ఎదుటి పార్టీకి అమ్ముడుపోయినట్టు చూస్తారు.

ధర కట్టడం మరో తంటా. కేజీకి ఇంత అని మాంసం లెక్క వేస్తే పెట్టకు అన్యాయం. గుడ్లు పెట్టే పెట్టకు రాబోయే గుడ్లున్నాయి. పొదుగు మీదున్న పెట్ట చస్తే కింద గుడ్లూ మురిగిపోతాయి. పిల్లలకోడి పోతే పిల్లలు వారం తిరక్కుండా పోతాయి. ఇదంతా వరసగా రాసి, డ్వాక్రా అప్పు పుస్తకం, సంతలో గుడ్లు కొనే మనిషి సాక్ష్యం జతచేస్తాను.

పుంజు దగ్గరికి వస్తే కథ మారుతుంది. మా వైపు సంక్రాంతి అంటే బరి. బాదం, జీడిపప్పు, మాంసం కైమా పెట్టి, చెరువులో ఈత కొట్టించి పెంచిన పందెం పుంజు వేలల్లో కాదు, ఒక్కోసారి లక్ష దాటి పలుకుతుంది. అలాంటి డేగ పుంజు ఒకటి డిసెంబరు నెలలో పక్కింటి కుక్క నోట పడింది. ఈసారి వచ్చింది మగవాడే. చేతిలో తాళ్లతో, బాడీబిల్డరు ఫోటోలా తీయించిన పుంజు బొమ్మతో వచ్చాడు.

"ఎనభై వేలకి అడిగారండి, ఇవ్వలేదండి. ఎనభై వేలూ ఇప్పించాలండి."

"ఎవరడిగారు? ఎందుకడిగారు?"

"పందేనికండి."

"ఆ మాట బోనులో చెబుతారా?"

అప్పుడు అర్థమైంది ఆయనకి. 1974 జూద చట్టం ప్రకారం పందెం నేరం, జంతుహింస చట్టం ప్రకారం కోళ్లను కొట్లాటకు దింపడం నేరం. ఆ ధర నిలబడాలంటే ఆ వాడకం ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే కోర్టు చెయ్యి కడుక్కుంటుంది. చివరికి ఆసీల్ జాతి పుంజుగా, పిల్లల కోసం పెంచుకునేదిగా మాత్రమే చెప్పగలం, అదైనా నిజంగా దాని సంతతి పెరట్లో ఉంటేనే అన్నాను. ఉన్నాయి, ఏడు పిల్లలు. జాతి పుంజుగా ధర కట్టాం. ఎనభై వేలకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఆయన బాధ నాకు అర్థమైంది కానీ జాలి పడలేదు. పదిపెట్టల ఆవిడకు పట్టని చట్టం పందెం పుంజుకు మాత్రం ఎందుకు పట్టాలి?

కుక్క మనుషుల మీదకీ వస్తుంటే ఇంకో రెండు దారులు తెరుచుకుంటాయి. మనిషి ప్రాణానికి ముప్పు, తీవ్రగాయం జరిగే వీలున్నా పెంపుడు జంతువును అదుపులో పెట్టని యజమానికి సంహిత 291 కింద ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కోళ్లకోసం అడ్డం వెళ్లిన ఆవిడ మీదకి కుక్క ఉరికిందంటే అది ఫిర్యాదులో ఉండాలి. రెండోదాన్ని మా వకీళ్లే తక్కువ వాడతారు. నాగరిక్ సురక్షా సంహిత 152 కింద తహశీల్దారు కార్యనిర్వాహక మేజిస్ట్రేటు హోదాలో, ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని యజమానికి ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 133 ఇదే. ఒక్క ఇంటి గోల అయితే పనికిరాదు, వీధి మొత్తానికి ఇబ్బందని చూపాలి. బడికి వెళ్లే పిల్లల తల్లులు నలుగురు సంతకం చేస్తే అర్జీకి బలం వస్తుంది. రెవెన్యూ పనుల మధ్య ఈ అర్జీ కదలాలంటే వెంటపడాలి. వెంటపడతాను.

అయినా నా దగ్గరికొచ్చిన కోడి కేసుల్లో చాలావరకు లోక్ అదాలత్‌లోనే ముగుస్తాయి. అవి అక్కడే ముగియాలని నేనూ కోరుకుంటాను. దావా వేయకముందే మండల న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఈ సంగతి చెబితే నా ఫీజు పోతుందని జూనియర్లు గొణుగుతారు. రాజీ కుదిరి అవార్డు రాస్తే దానికి డిక్రీ విలువుంటుంది, అప్పీలు లేదు. నష్టపరిహారం దావాలో కోర్టు డబ్బు మాత్రమే ఇప్పించగలదు. రాజీలో గొలుసు, దడి, పెట్టలు అన్నీ రాసుకోవచ్చు.

మొన్న కుదిరిన రాజీ ఇలా ఉంది. చచ్చిన పెట్టలకు బదులు గుడ్లకొచ్చిన ఆరు పెట్టలు పక్షం రోజుల్లో ఇవ్వాలి. పొద్దువాలాక కుక్కను కట్టేయాలి. దడి ఖర్చు చెరిసగం. ఆవిడ వేలిముద్ర వేస్తానంటే, మనవరాలు నేర్పింది కదా అని గుర్తుచేశాను, సంతకమే చేసింది. పక్కింటాయన పెన్ను అందుకుని ఆగాడు.

"మరి ఆళ్ల కోళ్లు మా గోంగూర మడిలోకొత్తే ఏటండి? అది రాయరేంటండి?"

ఆవిడ నా వైపు చూసింది. న్యాయమైన ప్రశ్నే. కాగితం వెనక్కి తీసుకున్నాం. 'అర్జీదారు తన కోళ్లను ఎదుటి పార్టీ పెరట్లోకి పోనివ్వకూడదు, పోయి పైరు పాడుచేస్తే నష్టం ఇచ్చుకోవాలి' అని నాలుగో షరతు చేర్చి, మళ్లీ చదివి వినిపించి, ఇద్దరి దగ్గరా సంతకాలు తీసుకున్నాం.